వాగులో కాపురం

కెన్యాలో ఒక గడ్డిమైదానం. జీబ్రాల తాతలు ఉత్తరపు కొండలు దిగి అక్కడికి వచ్చారు, అడవిదున్నల తాతలు పడమటి పెద్ద సరస్సు వైపు నుంచి వచ్చారు. ఎవరు ముందో ఎవరికీ పట్టలేదు. జీబ్రాలకు చూపు ఎక్కువ, దున్నలకు ముక్కు ఎక్కువ. ఒకరి కాపలాలో ఒకరు మేసేవాళ్ళు.

ఒక ఎండాకాలం ఫిసి అనే దుమ్ములగొండి పెద్దమనిషిలా నడిచొచ్చాడు.

"తబూ, ముందొచ్చింది మీ తాతలే కదమ్మా. ఈ గడ్డి తమదేనంటున్నాయి దున్నలు" అని తబు అనే జీబ్రా చెవిన వేశాడు. అదే మాట తిరగేసి మకోరి అనే ముసలిదున్నకూ చెప్పాడు.

నాలుగు రోజుల్లో మాటామాటా పెరిగింది. అప్పుడు ఫిసే తీర్పు చెప్పాడు: "మధ్యలో ఎండిన వాగుంది. వాళ్ళు అటు, మీరు ఇటు. దాని దరిదాపులకు ఎవరూ రావద్దు."

ఆ తర్వాత పట్టపగలే జీబ్రా పిల్లలు మాయం కావడం మొదలైంది. మూడు పోయాయి. "దున్నలు కుమ్మేశాయి, నా కళ్ళతో చూశాను" అన్నాడు ఫిసి. తబుకు మేత సహించలేదు. గడ్డి కదిలితే చాలు, ఒళ్ళు జలదరించేది. పిల్లను పొట్టకింద నుంచి కదలనిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం దాహానికి పిల్ల నాలుక పిడచగట్టింది. చెలమ దొరుకుతుందేమోనని తబు బెదురుతూ బెదురుతూ వాగు మలుపు దాకా వచ్చింది. అవతలి గట్టున మకోరి నిలబడి ఉన్నాడు. తబు పిల్లను తన వెనక్కి నెట్టుకుంది.

"ముందుకు రాకమ్మా" అన్నాడు మకోరి గొంతు తగ్గించి. "మలుపు అవతల నుంచి దుమ్ములగొండి వాసన కొడుతోంది. ఎక్కడుందో నా కంటికి ఆనడం లేదు."

"మా పిల్లల్ని చంపింది మీరు కాదా?"

"మావీ రెండు పోయాయి. మీరే తన్ని చంపారన్నాడు ఫిసి."

తబు మెడ చాచి వాగులోకి చూసింది. రెల్లుపొదల్లో గుండ్రటి చెవుల తలలు. ఒకటి, రెండు, ఏడు. వాటిలో ఒకడు ఫిసి, నిద్రపోతున్నాడు. పక్కన ఒక చిన్న గిట్ట పడి ఉంది, దానిమీద చారల తోలు.

తబు అరుపు గొంతులోనే నొక్కుకుంది.

"ఏడుగురున్నారు మావా. ఫిసీ వాళ్ళలోనే ఉన్నాడు. రెల్లులో."

"మీవాళ్ళను పిలుచుకురా. చప్పుడు కానివ్వకు. మావాళ్ళను నేను తెస్తాను."

తబు నమ్మాలా వద్దా అని తటపటాయించింది. పిల్లను చూసుకుంది. వెనుదిరిగింది.

కాసేపటికి రెండు గట్ల మీది నుంచీ రెండు మందలూ ఒక్కసారి వాగులోకి దూకాయి. గట్లు నిటారు. ఎక్కడానికి దారి లేదు. ఒక పక్క గిట్టలు, ఒక పక్క కొమ్ములు. దుమ్ము అణిగాక ఫిసి ఒక్కడే విరిగిన కాలు ఈడ్చుకుంటూ వాగు వెంట పోయాడు. మళ్ళీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

ఆ రోజు రెండు మందలూ కలిసే మేశాయి. తబు మాత్రం పిల్లను పక్కనుంచి కదలనివ్వలేదు. మకోరి ఆమె పిల్లకు అటుపక్కన వచ్చి నిలబడ్డాడు.

నీతి: ఇరుగుపొరుగు మధ్య గీత గీయడానికి వచ్చేవాడు తనకు పనికొచ్చే చోటే గీస్తాడు.