పుదీనాకు పీట వేసిన అడవి

అనగనగా ఒక అడవిలో, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేని ఒక ఊట ఉండేది. రెండు బండల సందులోంచి నీళ్లు చెమ్మచెమ్మగా కారేవి. ఆ బండల కింద ఒక బురద గుంట. ఆ గుంట చుట్టూ పుదీనా. ఎంత దట్టంగా ఉండేదంటే, ఆ పక్కగా నడిచినా ముక్కు చల్లబడేది.

అడవిలో పుదీనా ఏమిటని అడుగుతారని నాకు తెలుసు, చెబుతాను వినండి. ఎప్పుడో వనభోజనాలకి వచ్చిన జనం అక్కడే పచ్చడి నూరుకున్నారు. ఆకులు దూసుకుని కాడల్ని గుంటలో పారేసి పోయారు. పుదీనా కాడకి తడి తగిలితే చాలు, వేరు తొడుగుతుంది. అంతే సంగతి. కానీ అడవిలో వాళ్లకి ఇంత చిన్న సంగతి నచ్చలేదు. ఎవరో ముని తపస్సు చేసి తెచ్చాడని కొందరు, ఆకాశం నుంచి ఊడిపడిందని కొందరు చెప్పుకునేవాళ్లు. పచ్చడి కాడలంటే పరువు తక్కువ కదా మరి.

ఎలా వస్తేనేం, అది మంచి మందు. అజీర్తి చేసినా, వాంతులైనా, కడుపులో మెలిపెట్టినా నాలుగు ఆకులు నమిలితే సర్దుకునేది.

ఆ గుంటలో రోజూ మధ్యాహ్నం కోరమ్మ పొర్లేది. కోరమ్మ అంటే అడవి పంది. ఎండ నెత్తికెక్కగానే వచ్చేది. ముట్టెతో మట్టి పెళ్లగించేది. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు దొర్లేది. ఓ కునుకు తీసి, నాలుగు పుదీనా తీగలు తొక్కుకుంటూ తన దారిన తాను పోయేది.

ఇది చుక్కమ్మకి కంటగింపుగా ఉండేది. చుక్కమ్మ దుప్పి. కాలి గిట్టకి మట్టి అంటకుండా నడుస్తుందని అడవిలో ఆవిడకి పేరు. ఆ పేరు చెట్టుచెట్టుకీ చెప్పుకొచ్చింది కూడా ఆవిడే. ఆవిడకి ఒక్కతే పిల్ల, పేరు చిన్నిక.

"నా పిల్ల నోట్లో పెట్టుకునే ఆకు. దాని మొదట్లో పంది పొర్లడమా?" అనుకునేది చుక్కమ్మ. అనుకుని ఊరుకుంటే మనకి కథే లేదు. వెళ్లి పంచాయితీ పెట్టించింది.

పంచాయితీ పెద్ద కొండముచ్చు వాలయ్య. ఆయనకి ఏ విషయమూ తెలియదు కానీ తల మాత్రం చాలా గంభీరంగా ఊపుతాడు. అందుకే పెద్దరికం ఇచ్చారు. ఆయన పక్కన సలహాలకి కొంగ ధవళయ్య. పొద్దస్తమానం బురదలో నిలబడి చేపలు ఏరుకు తినే ధవళయ్య, శుభ్రత గురించి మాట్లాడ్డంలో మాత్రం అందరికన్నా ముందుంటాడు.

"మందు మొక్కకి ఒక మర్యాద ఉండొద్దా అన్నయ్యా?" అంది చుక్కమ్మ.

"ఉండాలి," అన్నాడు వాలయ్య తల ఊపుతూ.

"అంత గొప్ప ఆకు బురదలో పడి ఉండటం మనందరికీ సిగ్గుచేటు," అన్నాడు ధవళయ్య.

వాలయ్య దీనికీ తల ఊపాడు.

కోరమ్మ ఒక మూల కూర్చుని వింటోంది. "అది బురదలోనే కదా బతికేది," అంది మెల్లగా.

"పొర్లేవాళ్లు అలాగే అంటారు," అంది చుక్కమ్మ. అందరూ పకపకా నవ్వారు. చుక్కమ్మకి ఆ నవ్వు ఎంత బాగుందో చెప్పలేను.

తీర్మానాలు మూడు జరిగాయి. ఒకటి, కోరమ్మ ఇక ఊట దగ్గరికి రాకూడదు. రెండు, బురదంతా గోకి పారేసి తెల్లటి పలుగురాళ్లు పరవాలి. మూడోది ధవళయ్య సొంత ఆలోచన. పుదీనాని వేళ్లతో సహా పెకలించి, రాళ్లతో ఒక పీట కట్టి, గుప్పెడు తెల్ల ఇసుక పోసి దాని మీద నాటాలి. అందరికీ కనిపించేటట్టు, దణ్ణం పెట్టుకునేటట్టు.

"సరే వదినా, పిల్ల జాగ్రత్త," అని కోరమ్మ లేచింది. వీపు మీద బురద అట్టలు కట్టి ఉంది. ఆ అట్టల్లో ఏం చిక్కుకుని ఉందో ఎవరూ చూడలేదు. పందిని అంత దగ్గరగా ఎవరు చూస్తారు? కోరమ్మ గుట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది.

పీట అద్భుతంగా కుదిరింది. మొదటి వారం పుదీనా తల వాల్చేసింది. "చూశారా, ఎంత వినయమో," అన్నాడు వాలయ్య. రెండో వారం ఆకులు పండుబారాయి. "బంగారు రంగు తిరుగుతోంది. గౌరవం దక్కితే ఎవరికైనా ఆ కళ వస్తుంది," అన్నాడు ధవళయ్య. మూడో వారం కాడలు పుల్లలయ్యాయి. అప్పుడు ఇద్దరూ కలిసి, అది తపస్సులో ఉందని, ఎవరూ గట్టిగా మాట్లాడవద్దని చెప్పారు.

ఊట సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. రోజూ ముట్టెతో పెళ్లగించేవాళ్లు లేక దాని నోరు పూడింది. పైన పరిచిన రాళ్లు దాన్ని ఇంకా అదిమాయి. పలుగురాళ్లు మాత్రం ఎండలో తళతళా మెరుస్తున్నాయి. చుక్కమ్మ రోజూ వచ్చి వాటి మీద టకటకా నడిచి, మురిసిపోయి వెళ్లేది.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. చిన్నిక తియ్యగా ఉన్నాయని కడుపు పట్టనన్ని తినేసింది. పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. ఎండెక్కేసరికి కడుపు ఉబ్బి, కాళ్లు ముడుచుకుని పడిపోయింది. పిలిస్తే కళ్లు మాత్రం తెరుస్తోంది.

చుక్కమ్మ పీట దగ్గరికి పరిగెత్తింది. ఒక రెమ్మ నోటితో అందుకుంది. అది పొడిపొడిగా రాలి ఇసుకలో పడింది. ఇంకోటి అందుకుంది. అదీ అంతే.

వాలయ్య దగ్గరికి పరిగెత్తింది. "అన్నయ్యా, నా పిల్ల చచ్చిపోయేలా ఉంది. ఆకు లేదు."

"చాలా తీవ్రమైన విషయం," అని వాలయ్య తల ఊపాడు. "రేపు సభ పెడదాం."

ధవళయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన రెక్క దువ్వుకుంటూ, "ఆకు లేకపోతే పోయిందమ్మా, ఆ చోటు ఎంత శుభ్రంగా ఉందో చూశావా?" అన్నాడు.

చుక్కమ్మ చూసింది. నిజమే, చాలా శుభ్రంగా ఉంది. ఒక్క పచ్చటి పరక లేదు. ఇదంతా కావాలని అడిగింది ఎవరో కూడా ఆవిడకి గుర్తొచ్చింది. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. పుదీనా సంగతి తెలిసింది ఇక కోరమ్మకే అనుకుని గుట్ట ఎక్కింది.

అవతలికి దిగుతుంటే ముందు వాసన తగిలింది. ముక్కు చల్లబడింది. కింద కొత్త బురద గుంట, అందులో కోరమ్మ, కోరమ్మ చుట్టూ పుదీనా. ఆ రోజు వీపు మీద అట్టల్లో చిక్కుకుని వచ్చిన తీగ ముక్కలు ఇక్కడ బురదలో ఊడిపడి వేళ్లూనుకున్నాయి. ఏ పంచాయితీ తీర్మానమూ లేకుండానే.

"కోరమ్మ వదినా," అంది చుక్కమ్మ. చూపు మాత్రం పుదీనా మీదే ఉంది.

"పిల్లకేమైంది?" అంది కోరమ్మ.

"ఇప్పపూలు తింది. లేవట్లేదు."

"అంచున ఉన్నది మరీ లేత. ముదురాకు మధ్యలో ఉంది, అది పట్టుకెళ్లు. మోకాళ్ల దాకా దిగాలి మరి," అని కోరమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. దెప్పుదామనుకుంటే ఇంతకన్నా మంచి అదను దొరకదు. అయినా దెప్పలేదు. దెప్పి ఉంటే చుక్కమ్మకి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

చుక్కమ్మ దిగింది. బురద గిట్టలు దాటి, మోకాళ్లు దాటి, పొట్టకి తగిలింది. నోటినిండా పుదీనా కోసుకుని, వెనక్కి చూడకుండా గుట్ట ఎక్కి దిగి పరిగెత్తింది. ఆకు మెత్తగా నమిలి, కొద్దికొద్దిగా పిల్ల నోట్లో పెట్టింది. ఒకసారి కక్కేసింది. మళ్లీ పెట్టింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బు తగ్గింది. చిన్నిక వణుకుతూ లేచి నిలబడింది.

"అమ్మా, నీ కాళ్లకి ఏంటది?" అంది.

"బురద," అంది చుక్కమ్మ.

"కడుక్కోవా?"

"తర్వాత కడుక్కుంటాలే," అని పిల్లని దగ్గరికి లాక్కుని నాకింది.

మర్నాడు ఊట దగ్గరే సభ జరిగింది. చెప్పిన మాట ప్రకారం సభ పెట్టడంలో వాలయ్యకి సాటి లేదు. చుక్కమ్మ వెళ్లి కోరమ్మని పిలుచుకొచ్చింది. సంగతంతా విని వాలయ్య లేచి నిలబడ్డాడు.

"ఇలాంటి గొప్పావిడని మనం గౌరవించుకోవాలి," అన్నాడు. "ముందు ఆ బురదంతా కడిగి శుభ్రంగా స్నానం చేయిద్దాం. తర్వాత ఇదిగో, ఈ పీట ఎలాగూ ఖాళీగా ఉంది. దీని మీద కూర్చోబెడదాం. అందరికీ కనిపించేటట్టు."

"దణ్ణం పెట్టుకునేటట్టు," అన్నాడు ధవళయ్య.

కోరమ్మ బెదిరిపోయి చుక్కమ్మ వంక చూసింది. ఎండ మండిపోతోంది. పలుగురాళ్లు పెనంలా కాలుతున్నాయి.

"అన్నయ్యా," అంది చుక్కమ్మ, "పీటెక్కించి పుదీనాని ఎంత బాగా చూసుకున్నామో చూశాం కదా. ఈవిడనైనా బతకనివ్వండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాలయ్య ఏం చెయ్యాలో తెలియక అలవాటుగా తల ఊపాడు. చుక్కమ్మ వెళ్లి పీట రాళ్లని గిట్టలతో ఒక్కొక్కటే తన్ని దొర్లించింది. తర్వాత ఊట మీద పరిచినవి తీసింది. కోరమ్మ వచ్చి ముట్టెతో రెండు పెళ్లగింపులు పెళ్లగించింది. కాసేపటికి బండల కింద నేల తడిసింది.

నీతి: మందుని మెచ్చుకుంటూ, అది పుట్టే బురదని చూసి ముక్కు మూసుకునేవాళ్లకి చివరికి శుభ్రమైన రాళ్లే మిగులుతాయి.