హెల్గవ్వ వెన్నముద్ద

ఇది ఎప్పటి మాటంటే, మీ ముత్తాతకి ముత్తాత కూడా ఇంకా పుట్టని నాటి మాట. బ్రిటన్ దీవి ఉత్తరపు ఒడ్డున వైకింగులు ఓడలేసుకొచ్చి రాజ్యాలు పంచుకుంటున్న రోజులు. పంచుకోవడమంటే ఏముంది లెండి, కొట్టుకోవడమే!

హాల్వర్డ్, ఐస్టీన్ అని ఇద్దరు అన్నదమ్ములు. సింహాసనం మాత్రం ఒక్కటే. తమ్ముడు ఓడలతో వస్తున్నాడని విని, అన్న హాల్వర్డ్ ఒక రేవు ఊళ్ళో దిగాడు. మీసాలొచ్చిన మగాళ్ళందరినీ యుద్ధానికి తెడ్లు వెయ్యమని ఓడెక్కించాడు. వాళ్ళలో హెల్గవ్వ ఒక్కగానొక్క కొడుకు కెటిల్ కూడా ఉన్నాడు.

హెల్గవ్వ ఎవరంటారా? తెరచాపలు నేసే ముసలమ్మ. గొర్రె ఉన్నితో నేస్తుంది. ఉన్నికి వెన్నో కొవ్వో పట్టిస్తేనే గాలి నిలుస్తుంది. లేదంటే అది జల్లెడే.

"దొరా, మీ ఓడ తెరచాప నెయ్యడం అయింది. వెన్న ఇప్పించండి" అంది. ఊరి వెన్నంతా హాల్వర్డ్ రాజు కొట్లోనే ఉంది మరి.

"మేం గెలవబోతున్నాం గదా, ఇవాళ విందు!" అని రాజు ఆ వెన్న తినేశాడు.

మర్నాడు మళ్ళీ అడిగింది. "తమ్ముడు ఓడబోతున్నాడు గదా, ఇవాళా విందే!"

మూడోనాడూ అడిగింది. "కిరీటం తలకి సరిపోయింది, విందు! అయినా ముసలీ, నీ తెరచాపకి రొట్టె కూడా వడ్డించాలా?" రాజుగారి ముగ్గురు తిండి నేస్తాలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

నాలుగోనాడు ఐస్టీన్ ఓడలు కనబడ్డాయి. హాల్వర్డ్ తెరచాప ఎత్తించాడు. గాలి ఇటునుంచి వచ్చి అటు పోయింది. ఓడ అంగుళం కదల్లేదు.

"అవ్వా! వెన్న పుయ్యవే!"

"కొట్టు అడుగున మూడు పీపాలున్నాయి, చాలు దొరా. చేతులే చాలవు. కుర్రాళ్ళని దింపండి."

దింపాడు. తెరచాప ఒడ్డున పరిచి, మోచేతుల దాకా వెన్నతో అందరూ రుద్దారు. నిగనిగలాడింది. రాజుకి ఆత్రం ఎక్కువైంది. కుర్రాళ్ళు ఎక్కకముందే, నేస్తాలతో కలిసి ఓడెక్కి, తనే దాన్ని పైకి లాగేశాడు. అదే అదనుగా హెల్గవ్వ ఒడ్డుకి కట్టిన ఓడ తాడు విప్పేసింది.

అబ్బో, ఏం పోయిందండీ ఆ ఓడ!

"ఆపండ్రా!"

"ఎలా ఆపాలి ప్రభూ? తెడ్లేసేవాళ్ళంతా ఒడ్డునే ఉండిపోయారు!"

తెడ్లేసుకుంటూ వస్తున్న తమ్ముడి ఓడల పక్కనుంచే దూసుకుపోయి, ఆకాశం అంచులో చుక్కైపోయింది.

ఐస్టీన్ కత్తి దూసి ఒడ్డున దిగాడు. "మా అన్నేడీ?"

"వెళ్ళాడు బాబూ. మంచి తెరచాప, ఇప్పట్లో ఆగదు" అంది హెల్గవ్వ. వెనక కెటిల్ మోచేతి వెన్న నాకుతున్నాడు.

ఐస్టీన్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, కత్తి ఒరలో పెట్టేశాడు. రాజయ్యాడు. ఆ ఊళ్ళో ఒక్క తల్లీ ఏడవలేదు.

ఇప్పటికీ ఆ ఒడ్డున కొత్త తెరచాప ఎత్తేరోజు, ఓడ యజమాని ఎంత గొప్పవాడైనా సరే, ఒట్టి రొట్టె నములుతూ నిలబడాల్సిందే. మొదటి వెన్నముద్ద తెరచాపకి. "ఇది హెల్గవ్వది!" అని ఊరు ఊరంతా కేకేస్తుంది. ఆ తరవాతే ఆయన రొట్టెకి వెన్న!