దాచిపెట్టిన పెరుగు

ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా కథ చెప్పి తప్పించుకుంటాడని కంబగిరి స్వామి మీద చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు పెద్ద ఫిర్యాదే ఉంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న శిష్యుడు ఓబులేసు, "పోయినవాళ్ళను పోకుండా దాచుకునే దారేది స్వామీ?" అని అడిగిన రోజు కూడా ఆయన ఆ అలవాటు మానుకోలేదు. సుంకమ్మ సంగతి ఎత్తుకున్నాడు.

సుంకమ్మ తల్లి రాత్రి పాలు పేరబెట్టి పడుకుంది, తెల్లారి లేవలేదు. చావు జరిగిన ఇంట్లో తినేవేవీ ఉంచకూడదని పెద్దలు కుండలన్నీ పారబోయిస్తుంటే, సుంకమ్మ ఆ పెరుగు పిడతను మాత్రం కొంగుచాటున పశువుల కొట్టంలోకి దాటించింది. తల్లి చేతిది లోకంలో ఇక అదొక్కటే మిగిలింది. తాను ఒక్క బొట్టు తినలేదు, ఇంకొకర్ని తాకనివ్వలేదు. మాటిమాటికీ వెళ్ళి మూత మీద చెయ్యి వేసి ఏడ్చి వచ్చేది.

మూడోనాడు, పక్క చేలో మంద నిలిపిన గొర్రెల కాపరుల్లో ఒక ముసలావిడ వాకిట్లోకి వచ్చింది.

"మా పెరుగు దుత్త దారిలో పగిలిపాయె. మేకపాలు పేరబెట్టను రొంత చేమిరి పెట్టు తల్లీ."

"చావు మైల ఇల్లవ్వా ఇది. ఉండేది ఒక్క పిడత. మాయమ్మ ఆఖరున పేరబెట్టింది, ఇయ్యలేను."

"మైల మనుషులకు గానీ పెరుక్కేం తెలుసు? దాచుకో, వద్దంటినా? నాకొక్క చెంచా చాలు."

అడిగినవాళ్ళకు పాలలో తోడు వేసే చేమిరి లేదనడం పోయిన తల్లికి ఇంటా వంటా లేదు. అది గుర్తొచ్చి సుంకమ్మ మనసు చంపుకుని ఒక్క చెంచా తీసి ఇచ్చింది. ఇచ్చాక, అమ్మలోంచి ఒక ముక్క తెంచి ఇచ్చినట్టు కుమిలిపోయింది.

దినాలు పూర్తయ్యాక మూత తీసి చూస్తే పెరుగు నిండా బూజు, పురుగులు. తల్లి మళ్ళీ చచ్చిపోయినట్టయి గుండెలు బాదుకుంది. ఉన్నట్టుండి ముసలావిడ మనసులో మెదిలింది. జుట్టు ముడివేసుకోవడం కూడా మరిచి చేలోకి పరుగు తీసింది. మంద అప్పుడే బయల్దేరుతోంది.

"అవ్వా, ఆపొద్దు ఇచ్చిన పెరుగు... రొంతన్నా మిగిలిందా?"

"మిగలడమేంది తల్లీ! మర్నాడే తినేస్తిమి. తినే ముందు రొంత తీసి మళ్ళా పాలల్లో వేస్తిమి. రోజూ అదే."

అవ్వ గాడిద మీది దుత్త దించి, చిన్న ముంతలో గరిటెడు పెరుగు పోసిచ్చింది. సుంకమ్మ అక్కడే వేలు ముంచి నాలుకకు రాసుకుంది. మేకపాల వాసన వెనక అమ్మ పెరుగు పులుపే తగిలింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ మాపే దాన్ని గేదె పాలల్లో కలిపింది.

ఓబులేసు, "ఆ మంద ఎటు పోయింది స్వామీ?" అన్నాడు.

"ఎవరికెరుక నాయనా?" అన్నాడు స్వామి. "ఏ ఊళ్ళో దిగినా, ఆ అవ్వను చేమిరి అడిగేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారులే."