ఎదురింటి దారిలో మంచు

కెనడాలో మానిటోబా వైపు ఒక చిన్న ఊళ్ళో ఒక స్వామివారు ఉండేవారు. ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఎవరికో జరిగిన సంగతి ఎత్తుకునేవారు.

ఒక ఆదివారం శిష్యురాలు హైమవతి అడిగింది: "స్వామీ, చేసిన తప్పు నేనే వెళ్ళి ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు కదా. నాకు పడలేదేం?"

స్వామివారు సోమయాజులు సంగతి చెప్పారు.

సోమయాజులు ఆ ఊరివాడే. తోటపనికి కొన్న చిన్న ట్రాక్టరుకు చలికాలం రాగానే మంచును ఎత్తి దూరంగా చిమ్మే స్నో బ్లోయర్ తగిలించి, ఇంటి ముందు కారు దారిలో మంచు తీసుకునేవాడు. ఒక ఉదయం మోకాలి లోతు మంచు పడింది. తన తోటలోకి చిమ్ముదామంటే ఎదురుగాలికి అదంతా తిరిగి ముఖాన కొడుతోంది. విసుగొచ్చి, చిమ్మే గొట్టాన్ని రోడ్డు వైపు తిప్పాడు. మంచు రోడ్డు దాటి ఎదురింటివాళ్ళ దారికి అడ్డంగా గుట్టగా పడింది. చూశాడు. 'రోడ్ల మీద మంచు తీసే ఊరి బండి వచ్చి తీస్తుందిలే' అనుకుని లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాడు.

ఎదురింట్లో వాల్టర్, ఐరీన్ అనే ముసలి దంపతులు. ఆ రోజు వాల్టరుకు డయాలసిస్. సోమయాజులు కిటికీలోంచి చూసేసరికి వాల్టర్ కారులో కూర్చుని ఉన్నాడు, ఐరీన్ పారతో ఆ గుట్టను తవ్వుతోంది. కాఫీ వదిలేసి పరుగెత్తాడు. ట్రాక్టరుతో దారి చేశాడు. వాల్టర్ కారు అద్దం దించి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరి బండివాళ్ళు మా దారిలో పోసి పోయారయ్యా. నువ్వు రాకపోతే ఏమైపోయేవాళ్ళం!"

సోమయాజులు చెయ్యి విడిపించుకుని ట్రాక్టరు పక్కకు తీశాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆసుపత్రిలో వాల్టర్ వంతు వేరొకరికి వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక ఆయన్ని ఇద్దరు పట్టుకుని కారు దించడం సోమయాజులు చూశాడు.

ఆ తర్వాత వాళ్ళు ఎదురైతే తల దించుకుని తప్పుకునేవాడు. చివరికి ఉండబట్టలేక, వాల్టర్ కునుకు తీసే వేళ చూసి వెళ్ళి ఐరీన్‌తో చెప్పేశాడు.

"ఆ మంచు నేనే పోశానమ్మా. చూసి కూడా ఊరుకున్నాను."

ఆవిడ లోపలి గది వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "మా ఆయనకు మాత్రం చెప్పకు. ఆసుపత్రిలో కనిపించిన వాళ్ళందరికీ నీ మంచితనం గురించే చెప్పుకుంటున్నాడు. చెప్పుకోవడానికి ఆయనకిప్పుడు ఇంకేమీ లేదు."

మెల్లగా తలుపు వేసుకుంది.

ఆ చలికాలమంతా సోమయాజులు ముందు వాళ్ళ దారి తీసి, తర్వాతే తనది తీసుకున్నాడు. తీసినప్పుడల్లా వాల్టర్ కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపేవాడు. అంత చలిలోనూ ఇతనికి సిగ్గుతో చెవులు కాలిపోయేవి. అయినా ఇతనూ తిరిగి చెయ్యి ఊపేవాడు.

స్వామివారు అక్కడితో ఆపారు. హైమవతి "ఆ పెద్దాయనకు చివరిదాకా చెప్పలేదా స్వామీ?" అంది.

"చెప్పలేదమ్మా," అన్నారాయన. "ఆవిడా చెప్పలేదు. అతను దించుకుందామని వెళ్ళిన బరువు ఇద్దరి మీదా పడింది."