పెడమొగమ్మ కొండకేసి తిరిగిన కథ

నేలవేముల కోనలో వెలసిన అమ్మవారు భక్తులకు వీపు మాత్రమే చూపుతుంది. గడప దగ్గర నిలబడితే ఆమె జడ కనిపిస్తుంది. మొహం వెనక కిటికీలోంచి కొండను చూస్తూ ఉంటుంది. "ఇంత దూరం వస్తే మొహమైనా చూపించరా?" అని అర్చకుల మీద విసుక్కునేవారు ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

పూర్వం ఇక్కడ పేరయ్య అనే వైద్యుడు నేలవేము కషాయంతో చలిజ్వరాలు కుదిర్చేవాడు. గింజ రాలాకే మొక్క పీకాలని అతని తాతల కట్టడి. ఒక ఏడు సంస్థానం దొరగారు బండ్లు పంపి, కొండమీది నేలవేమంతా కోటకు కావాలన్నారు. దొరగారికి జ్వరమా? అబ్బే, వస్తే పనికొస్తుందట! పేరయ్య కాదనలేదు. పూత మీదున్న మొక్కల్ని వేళ్లతో సహా పీకించి పంపాడు. ఎంత సిగ్గుమాలిన పని! పైగా శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాడు.

మరుసటి వానాకాలం కొండ మీద ఒక్క మొలక లేదు. అప్పుడే మేకలు కాసే ఈరమ్మ, జ్వరంతో వణుకుతున్న కూతుర్ని భుజాన వేసుకొచ్చింది.

"మొక్క లేదమ్మా," అన్నాడు పేరయ్య.

"కొండంత కొండ నీ చేతిలో పెడితే ఏం చేశావయ్యా?"

అతను కోటకు పరుగెత్తాడు. అక్కడి కొట్లో నేలవేమంతా బూజు పట్టి ఉంది. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పిల్ల ప్రాణం పోయింది. ఈరమ్మ గుడి ముందు దుమ్మెత్తిపోసి, "కళ్లుండీ చూడవేమే?" అని అమ్మవారినే నిలదీసింది. తెల్లారి తలుపులు తీస్తే అమ్మవారు కొండకేసి తిరిగి ఉంది.

ఆమె పేరయ్య కలలో కనిపించి, "ఏ మొహం పెట్టుకుని నా మొహం చూస్తావురా? కొండ పచ్చబడ్డాక పిలువు," అంది. అతను పొరుగు కొండలు గాలించి గింజలు తెచ్చి, పన్నెండేళ్లు చల్లాడు. కొండ పచ్చబడింది. పిలవబోతే ఈరమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"పిలవొద్దు. ఆమె ఇటు తిరిగితే కొండ మీద మళ్లీ నువ్వేం చేస్తావో కనిపెట్టి ఉండేదెవరు?"

పేరయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. అమ్మవారు నేటికీ అలాగే ఉంది.

మార్గశిరంలో కాయలు ఎండాక భక్తులు గుడి వెనక గింజలు చల్లడం ఆనాటి నుంచి ఆచారం. ఇప్పుడేమో కార్లలో వచ్చి, ఫోనులో మొక్క బొమ్మ చూసుకుని, పూత మీదే పీకి సంచులకెత్తుకుపోతున్నారు. పేరయ్య వంశంలో కషాయం కాచే నాగరత్నమ్మగారు ఈ ఏడు చంటిపిల్లల తల్లులను సైతం లేదని తిప్పి పంపారు. ఆమెతో పోట్లాడకండి.

గింజ చల్లినవారి ఇంట జ్వరం నిలవదని పెద్దల మాట. పూత మీద పీకినవారికి ఇక్కడ ఏ దీవెనా లేదు. ప్రత్యేక దర్శనం టికెట్టు కొన్నా లేదు.