రాజుగారి వెనకాల పచ్చని పొలం

అనగనగా, రాజులూ కంప్యూటర్లూ కలిసి ఉన్న కాలం ఒకటుందనుకోండి. ఆ కాలంలో ఎర్రకోన రాజ్యాన్ని కీర్తిసేనుడు ఏలుతుండేవాడు. ఆయన కొలువులో ఫోటోలు తీసేవాడి పేరు ఓబులేశు.

ఓబులేశుది గొప్ప పనితనం. ఫోటోను కంప్యూటర్‌లో ఒక పొరగా పరిచేవాడు. దాని కింద ఇంకో బొమ్మను మరో పొరగా పరిచేవాడు. పై పొరకు ముసుగు తొడిగి నల్ల కుంచెతో రుద్దితే, రుద్దినంత మేరా కనపడకుండా పోయి కింది బొమ్మ బయటపడేది. తెల్ల కుంచెతో రుద్దితే పోయింది మళ్ళీ వచ్చేది. ఏదీ చెరిగేది కాదు. దాక్కునేది, అంతే.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చక్రవర్తి తన సామంతులకు కబురు పంపాడు.

"మీ నేల మీద నిలబడి ఫోటో తీయించి పంపండి. ఎండిన చోటికి ధాన్యం బళ్ళు పంపుతాను."

మంచి మాటే. కానీ కీర్తిసేనుడికి పొట్ట కన్నా పరువే పెద్దది. మాడే పొట్ట తనది కాదాయె!

"ఎండిన వాగులో నేనా? నలుగురు రాజుల్లో తలెత్తుకోగలనా? ఓబులేశూ, నా వెనకాల పచ్చని పొలం పెట్టు" అన్నాడు.

ఓబులేశు పెట్టాడు. తలపాగా కుచ్చు చుట్టూ మిగిలిన ఎర్రదుమ్ము అంచును కూడా ఓపిగ్గా దాచేశాడు. చక్రవర్తి మెచ్చి పట్టుశాలువా పంపాడు. అది ఎవరి కడుపూ నింపలేదు.

మరుసటి ఏడూ వాన లేదు. ఈసారి రాజు వెనకాల పశువుల ఎముకలు పడ్డాయి. ఓబులేశు వాటిని దాచి బలిసిన ఆవులను పెట్టాడు. కొన్నాళ్ళకు చక్రవర్తి ధాన్యం బళ్ళు ఎర్రకోన మీదుగా పక్క రాజ్యానికి వెళ్ళాయి. జనం బాట పక్కన నిలబడి చూశారు. ఒక్క బండీ ఆగలేదు.

చేస్తున్నది తప్పని ఓబులేశుకు తెలుసు. తెలిసినా నోరు మెదపలేదు. రాజు కూడు తినే నోరు మరి.

మూడో ఏడు ఫోటో తీసే రోజున జనం తామే వాగు దగ్గరికి వచ్చి రాజు వెనకాల నిలబడ్డారు. వాళ్ళలో ఓబులేశు అక్క సుంకులమ్మ ఉంది, చంకలో పిల్లతో. చెంపలు పీక్కుపోయినా తమ్ముణ్ణి చూసి నవ్వింది.

"నన్ను బాగా కనపడేట్టు తియ్యి నాయనా. చక్రవర్తి చూస్తే మాకూ గింజలు పంపుతాడంట గదా!"

"తీస్తాలే అక్కా" అన్నాడు ఓబులేశు. తీశాడు కూడా.

రాజు ఆ ఫోటో చూసి మండిపడ్డాడు. "ఈ బక్కజనమంతా ఏమిటి? కోతకొచ్చిన వరి పెట్టు!"

ఓబులేశు నల్ల కుంచె పట్టి ఒక్కొక్కరినే దాచుకుంటూ వచ్చాడు. అక్క దగ్గర చెయ్యి ఆగింది. రాజు వెనకే నిలబడి ఉన్నాడు. పిరికివాడి చెయ్యి ఎంతసేపు ఆగుతుంది? ముందు పిల్లను దాచాడు, తర్వాత అక్కను దాచాడు. ఆమె నిలబడ్డ చోటికి వరి కంకులు వచ్చాయి.

నెల తిరిగేసరికి ఎర్రకోనకు బళ్ళు వచ్చాయి. జనం ఎదురు పరుగెత్తారు. అన్నీ ఖాళీ బళ్ళే.

"మహారాజా, మీ పంట చూసి చక్రవర్తి మురిసిపోయారు. కరువు రాజ్యాలకు మీ గాదెల్లోంచి ధాన్యం నింపి పంపమన్నారు" అన్నాడు వాటితో వచ్చిన రాయబారి.

గాదెల తాళాలు వెతికిస్తానని కీర్తిసేనుడు సాగదీశాడు.

అంతలో ఓబులేశు సభలోకి వచ్చాడు. ఆ ఉదయమే అతను ఆకలితో పోయిన సుంకులమ్మను మట్టి చేశాడు. ఆమె పిల్ల అతని భుజం మీద సొమ్మసిల్లి ఉంది. సభలో ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫోటో తెరిచి, తెల్ల కుంచె పట్టాడు. కంకులు పోయి నెర్రెలు వచ్చాయి. బక్కజనం వచ్చారు. చివరికి ఒక మూల సుంకులమ్మ వచ్చింది, పిల్లను ఎత్తుకుని, నవ్వుతూ, బాగా కనపడేట్టు.

"ఎవరీమె?" అన్నాడు రాయబారి.

"మా అక్క అయ్యా. మీరు చూస్తే గింజలు పంపుతారని నిలబడింది. నేనే దాచాను" అని ఓబులేశు బావురుమన్నాడు.

రాయబారి అప్పటికప్పుడే బళ్ళు వెనక్కి తిప్పాడు. అవి నిండుగా తిరిగి వచ్చాయి. కీర్తిసేనుడి గద్దె పోయింది. నిజం చెప్పినందుకు చక్రవర్తి బహుమానం ఇవ్వబోతే ఓబులేశు తీసుకోలేదు. మొదటి బండి గింజలతో గంజి కాచి పిల్లకు పట్టాడు. పిల్ల బతికింది.

తెల్ల కుంచెతో అక్క ఫోటోలోకి వచ్చింది గానీ, ఇంటికి రాలేదు.

కాబట్టి పిల్లలూ, కప్పినంత మాత్రాన కరువు పోదు. నిజం ఎన్నటికైనా బయటపడుతుంది, కానీ ఆలస్యంగా బయటపడిన నిజం పోయినవాళ్ళను తెచ్చివ్వదు.