ఘాటు రాని మిరపకాయలు

పేరిందేవమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. రామచంద్రపురంలో ఆవిడ ఇంటి అరుగు మీద గీత చెప్పించుకోవడానికి మేము కొందరు ఆడవాళ్ళం ప్రతి ఏకాదశికీ చేరేవాళ్ళం. ఒకసారి మోక్షం గురించి అడిగిన మనిషి చేత పూటంతా గోంగూర ఒలిపించారు. జవాబు ఏదండీ అంటే, "కాడలు కూడా గిన్నెలోనే వేశావు, చూసుకో" అన్నారు. అప్పటినుంచి అడగాలంటే మాకు కొంచెం బెరుకే.

ఆ రోజు వైదేహి అడిగింది. "అమ్మగారూ, మనల్ని చూసి ఏడ్చేవాళ్ళ నుంచి మనల్ని కాపాడుకునే దారేదైనా ఉందాండీ?"

ఏడుస్తున్నదెవరని ఆవిడ అనుకుంటోందో మాకందరికీ తెలుసు. వైదేహి అక్కయ్యా అని పిలిచే తోడికోడలు మాణిక్యాంబ. రెండిళ్ళకూ పెరడు ఒకటే, నుయ్యి ఒకటే. కాన్పుకు తల్లి లేని వైదేహికి పథ్యం వండిపెట్టి, నీళ్ళు పోసిందీ ఆ మాణిక్యాంబే. అటువంటి ఇద్దరి మధ్యా ఇప్పుడు మాటల్లేవు. పెరటికి అడ్డంగా గోడ కట్టడానికి మర్నాడు మేస్త్రీ వస్తున్నాడు. ఇంత గొడవా ఒక మిరపమొక్క కోసమంటే నవ్వొస్తుంది గానీ, వైదేహి మొహం చూస్తే నవ్వు రాదు. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి.

అది కూరల మిరప కాదు. కాయలు ఆకాశంకేసి నిలబడతాయి. మొదట దంతపు రంగు, తర్వాత ఊదా, పసుపు, నారింజ, చివరికి ఎరుపు. అన్ని రంగులూ ఒకే మొక్క మీద ఒకేసారి కనిపిస్తాయి. వాళ్ళ అత్తగారు ఆ విత్తనాన్ని పుట్టింటినుంచి తెచ్చుకుని, పక్క పెరళ్ళలోని నాటు మిరప పుప్పొడి సోకకుండా పూతకు పల్చటి గుడ్డ కట్టి, ఏడాదికేడాది కాపాడింది. దసరాకి బొమ్మలకొలువు ముందు ఆ కుండీ పెట్టాల్సిందే. కొలువు కాయ నోట్లో పెట్టకూడదని ఆవిడ ఆంక్ష. అందుచేత ఆ ఇంట్లో ఎవరూ దాన్ని కొరికి చూసిన పాపాన పోలేదు. పోయేముందు ఒకే కాయ చిదిపి గింజలు ఇద్దరు కోడళ్ళకూ పంచింది. ఇద్దరి మొక్కలూ లేచాయి. మాణిక్యాంబ మొక్క విరగకాసింది. వైదేహి మొక్క గుప్పెడు కాయలు పండించి, ఆకులు ముడుచుకుని, పూత రాల్చేసింది.

"దిష్టేనండీ. పరీక్ష చేసి మరీ చెబుతున్నాను. మొక్కకి దిష్టి కదా అని దాని కాయలే ఎండబెట్టి, ఉప్పుతో కలిపి తిప్పి కుంపట్లో వేశాను. ఒక్క తుమ్మొస్తే ఒట్టు! అంత ఘాటూ ఎక్కడికి పోయిందండీ? ఎంత కన్ను పడితే అలా అవుతుంది?"

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోవడమే గట్టి దిష్టికి గుర్తని మా అందరి నమ్మకం. అరుగంతా తలలూపింది.

పేరిందేవమ్మగారు పుస్తకం మూసేశారు. "ఆ కాయలు ఇంకా ఉన్నాయిటే?"

"కొంగున కట్టి తెచ్చానండీ. మీకు చూపిద్దామని."

"అయితే నాకు దిష్టి తియ్యి. ఒంట్లో నలతగా ఉంది."

ఇదెక్కడి పని అనుకుంటూనే కుంపటి రాజేశాం. వైదేహి కాయలూ ఉప్పూ గుప్పిట పట్టి ఆవిడ చుట్టూ తిప్పి నిప్పుల మీద వేసింది. ఉప్పు చిటపటలాడింది. కాయలు నల్లబడి పొగ లేచింది. ఒక్కరూ దగ్గలేదు.

"ఓసి నా తల్లీ!" అన్నారావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని. "నాకూ గట్టిగానే తగిలిందే! పొద్దుటినుంచి ఈ అరుగు దిగలేదు. నన్ను చూసింది మీరే. మీలో ఎవరే నామీద ఏడుస్తున్నది?"

ఎవరి చూపు ఎవరిమీద వాలిందో చెప్పడం మర్యాద కాదు. అందరికంటే ముందొచ్చి ఆవిడ పక్కన పీట వేసుకునే మనిషి వైపు కొన్ని, ఆవిడ చేత ఎప్పుడూ మెప్పు పొందే మనిషి వైపు కొన్ని పోయాయి. అంతసేపూ అక్కచెల్లెళ్ళలా కూర్చున్నవాళ్ళం ఒకరికొకరం ఎడంగా జరిగి కూర్చున్నాం.

ఆవిడ మిగిలిన కాయ ఒకటి తీసుకుని చక్కగా నమిలి మింగారు. కళ్ళలో నీళ్ళు లేవు, ముక్కు ఎర్రబడలేదు. ఇంకొకటి వైదేహికి అందించారు. అత్తగారి ఆంక్ష గుర్తొచ్చి వైదేహి ఒక నిమిషం తటపటాయించింది. తర్వాత కొరికింది. నెమ్మదిగా నమిలింది. ఎండుగడ్డి నమిలినట్టు, కారమన్నదే లేదు.

"చూపులకే పుట్టిన కాయ. ఘాటు తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తుంది?" అన్నారు పేరిందేవమ్మగారు.

వైదేహి తలొంచుకుంది గానీ లోపలి మంట చల్లారలేదు. "కన్ను కాదంటే సరేనండి. మరి ఆవిడదెందుకలా కాస్తోంది? ఒకే కాయ గింజలు కదా! కింది కొమ్మలకి ఊదావి, వాటి పైన పసుపు తిరుగుతున్నవి, కొసలకి ఎర్రవి. మొన్న వీధివైపు కొమ్మ బరువుకి వాలితే ఈనెపుల్ల ఊతం కట్టింది. ఎండెక్కగానే కుండీ జామచెట్టు నీడకి లాగుతుంది, పొద్దు వాలితే మళ్ళీ ముందుకి. నిన్న మజ్జిగ నీళ్ళు చిలకరించింది. ఇవాళ తెల్లవారకముందే మొదట్లో మన్ను గుల్ల చేసింది. దంతపు రంగు పిందెలు మళ్ళీ వేస్తోంది, నిన్నటికి లేవు. కడుపు మండిపోతోందమ్మా!"

"నీ మొక్కకి ఆకుల వెనక ఏముంది?"

"నా మొక్కకా?" వైదేహి ఆగింది. "ఆకుల వెనకా?"

ఆవిడ మొహం మెల్లగా కందిపోయింది.

"చూడలేదండీ," అంది చివరికి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కానీ పంతం ఊరికే దిగదు కదా, మరుక్షణమే గొంతు సవరించుకుని, "అయినా మేస్త్రీకి మాటిచ్చేశాను. ఇటుకలు కూడా దిగాయి. ఇప్పుడు వద్దంటే మా అక్కయ్య ముందు నా తల కొట్టేసినట్టు ఉంటుంది," అంది.

పేరిందేవమ్మగారు పుస్తకం మళ్ళీ తెరిచి పేజీ వెతుక్కుంటూ అడిగారు.

"గోడ ఎంత ఎత్తు కట్టమన్నావు?"

"మా అక్కయ్య పొట్టి మనిషండీ. ఆవిడ కళ్ళు దాటేంత కడితే చాలన్నాను."

"చాలదమ్మా. నీ కళ్ళు దాటేంత కట్టించు."